ఇరవై ముఖాల ఎర్ర పాచిక

ఫిబ్రవరి 2, శుక్రవారం

మూడో పెట్టె వచ్చింది. ఇదే ఆఖరిది. ఈ ఏడు ఇంకేమీ కొనను, ఒట్టు.

పెట్టెలు ఇంటికి తెప్పించుకోవడం మానేశాను. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిగిన రైతుల క్యాంపు ఊరు మాది. ఇక్కడ కొరియర్ బండి ఆగితే చాలు, వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేస్తుంది. "ఏమొచ్చింది విజయశ్రీ, మిక్సీనా?" అంటారు. నలభై నాలుగేళ్ళ ఆడది, మూడెకరాల వరి చేసుకునేది, బల్ల మీద ఆడుకునే ఆటలు కొనుక్కుంటుందంటే ఎవరు నమ్ముతారు? అందుకని బోధన్‌లో అల్మాస్ టైలరింగ్ షాపు అడ్రసు ఇచ్చాను. అల్మాస్ నా జాకెట్లు కుట్టే మనిషి, నా ఆటల్లో ఓడిపోయే మనిషి. రెండు పనులూ శ్రద్ధగా చేస్తుంది.

"అక్కా, గీ డబ్బల రాళ్ళు నింపి పంపిన్రా ఏంది? మోసేసరికి నడుం వోయింది," అంది.

రాళ్ళు కాదు, పుస్తకం. మొదటి పెట్టెలో మునిగిపోయే దీవి ఆట, రెండో దాంట్లో ద్రాక్షతోటల ఆట వచ్చాయి. అవి బోర్డు పరిచి, బిళ్ళలు పేర్చి ఆడేవి. ఈ మూడోది వేరే జాతి. బోర్డే లేదు. లావుపాటి పుస్తకం, ఏడు పాచికలు, అంతే. ఒకరు సూత్రధారిగా కూర్చుని కథ చెప్పాలి. మిగతావాళ్ళు తలా ఒక వేషం ఎంచుకుని "నేనిట్లా చేస్తాను" అనాలి. అనుకున్నది అయిందో లేదో పాచిక చెప్తుంది. ఆ పాచికల్లో పెద్దది ఎర్రది, ఇరవై ముఖాలది, రేగుపండంత ఉంది. చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు. నేను దీనికి వేషాల ఆట అని పేరు పెట్టాను.

సూత్రధారి కాక కనీసం ముగ్గురు ఉండాలని పుస్తకంలో రాశాడు. నాకున్నది అల్మాస్ ఒక్కతే. దొరుకుతారు. బోధన్ లాంటి ఊళ్ళో ఇద్దరు దొరక్కపోతారా?

చేలో నీళ్ళ సంగతి ఇక్కడ రాయను. ఈ డైరీ ఆటల కోసం.

ఫిబ్రవరి 5, సోమవారం

నీళ్ళు రాలేదు.

ఫిబ్రవరి 7, బుధవారం

రాయనన్నాను గానీ కడుపు మండిపోతుంటే ఏం చేయను?

మా పిల్లకాలువ కింద మొట్టమొదటి పొలం హన్మాండ్లుది. చిట్టచివరి పొలం నాది. మా నాన్న ఉన్నప్పుడు ఈ కాలువ కింద సగం చెరకే. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అందరం వరిలోకి దిగాం, అందరికీ ఒకే వారంలో నీళ్ళు కావాలి. మూడు రోజులు పైవాళ్ళకు, మూడు రోజులు కిందివాళ్ళకు అని పెద్దమనుషులు వంతులు పెట్టారు. హన్మాండ్లు తన వంతు వచ్చినప్పుడు కాలువకు అడ్డంగా ఇసుక బస్తాలు వేసి నీళ్ళన్నీ తన తూములోకి తిప్పుకుంటాడు. మంచిదే. వంతు అయిపోయాక బస్తాలు తీయాలా వద్దా? తీయడు. సందుల్లోంచి కారిన నీళ్ళు సగం దారిలోనే ఇంకిపోతున్నాయి. నా పైరు పొట్టకొచ్చే రోజులు దగ్గరపడ్డాయి. అప్పుడు తడి లేకపోతే గింజ పాలు పోసుకోదు, తాలే మిగులుతుంది.

పొద్దున్నే వెళ్ళి మర్యాదగా అడిగాను. "హన్మాండ్లన్నా, మా వంతు మొదలైంది గదా, బస్తాలు తీయించండి."

"నేను తియ్యనమ్మా. నా మడి ఇంక నిండలే," అని బీడీ ముట్టించాడు.

నిండలేదట! ఆయన మడిలో కొంగలు కాళ్ళు మునిగేదాకా నిలబడి ఉన్నాయి. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అన్నారా?

మా ఆయన ఉమామహేష్ ఫోన్ చేశారు. హార్వెస్టర్ వేసుకుని తమిళనాడు వెళ్ళి నెలయింది. "గొడవ పెట్టుకోకు విజ్జీ, ఉగాదికి వస్తాగా, నేను మాట్లాడతా," అన్నారు. వరి ఉగాదిదాకా ఆగుతుందా? తర్వాత గొంతు తగ్గించి, "మళ్ళీ ఏదో పెట్టె కొన్నావంట," అన్నారు. ఈ అల్మాస్ నోట్లో నువ్వుగింజ నానదు.

ఇంటికొచ్చి దీవి ఆట నేనొక్కదాన్నే ఆడి గెలిచాను. ఆ దీవి వాళ్ళ కష్టం నీళ్ళు ఎక్కువై మునిగిపోవడం. కష్టాలు కూడా ఎంత మంచివి వస్తాయో కొందరికి.

ఫిబ్రవరి 9, శుక్రవారం

ఆటగత్తె దొరికింది! ఎవరన్నది రాస్తే రేపు చదువుకుని నేనే నమ్మను.

శుక్రవారం మధ్యాహ్నం అల్మాస్ షాపు మూసే ఉంటుంది. గుడ్డలు కత్తిరించే బల్ల మాకు దొరికేది అప్పుడే. ఇంత పెద్ద బల్ల నిజామాబాద్ హోటళ్ళలో కూడా ఉండదు. టైలరు సుద్దతో దాని మీద దారులు, గుట్టలు గీశాను. గుండీలు మనుషులు. దూరం కొలవడానికి అల్మాస్ మెడలో టేపు ఉండనే ఉంది.

సగం గీశానో లేదో తలుపు తోసుకుని ఒకామె వచ్చింది. చెల్లెలి కూతురి ఫంక్షన్‌కు జాకెట్ కావాలట, అర్జెంటట. చూద్దును గదా, పుష్పలత. హన్మాండ్లు భార్య. నేను తల తిప్పుకున్నాను. ఆమె కూడా తిప్పుకుంది గానీ ఆ తిప్పడంలో బల్ల కంటపడింది.

"గిదేంది, రేగుపండా?" అని ఎర్ర పాచిక ఎత్తింది.

"ఇసిరి సూడొదినా," అంది అల్మాస్.

విసిరింది. పంతొమ్మిది. అల్మాస్ చెంపలేసుకుని, "యా అల్లా, నీ చేతిల బర్కత్ ఉన్నది," అని కుర్చీ జరిపింది. పుష్పలత కూర్చుంది. శత్రువు పెళ్ళామే, కాదనను. కానీ ఆటలో మనిషి తక్కువైనప్పుడు పట్టింపులకు పోతే ఎట్లా?

అల్మాస్ దొంగ వేషం తీసుకుంది. పుస్తకంలో ఉన్న వైద్యురాలి వేషాన్ని పుష్పలత మంత్రసానిగా మార్చుకుంది. నేను గొంతు సవరించుకుని కథ మొదలుపెట్టాను. వంతెన కింద బంగారం గుట్ట మీద డ్రాగన్ కూర్చుని ఉంది, రెక్కలున్నాయి, నోట్లోంచి నిప్పు కక్కుతుంది అని.

"బంగారం మీద కూసోని ఏం జేస్తది? తింటదా?" అంది పుష్పలత.

"బీరువల వెట్టుకుంటదేమో," అంది అల్మాస్.

పుస్తకం రాసినవాడికి ఈ అనుమానం రాలేదు.

"గదే తూము మీద కూసున్నదంటె సమజైతది," అని పుష్పలత అనేసి, నాలుక కరుచుకుంది. నేను సుద్ద తీసుకుని వంతెన చెరిపేసి అక్కడ తూము గీశాను. ఆట గంటన్నర సాగింది. నా జన్మలో ఇంత బాగా కథ చెప్పలేదు.

ఫిబ్రవరి 11, ఆదివారం

డ్రాగన్ బొమ్మ ఆర్డర్ పెట్టాను. ఇది ఆట కాదు, ఆటకు సామాను. లెక్కలోకి రాదు.

చివరి మడి నెర్రెలిచ్చింది.

ఫిబ్రవరి 16, శుక్రవారం

మొత్తం రాయాలి. ఒక్క ముక్క వదలకూడదు.

బొమ్మ వచ్చింది. బూడిద రంగు ప్లాస్టిక్, పిడికెడంత. అల్మాస్ గోళ్ళ రంగు తెచ్చి రెక్కలకు ఎరుపు, పొట్టకు బంగారు రంగు వేసింది. పుష్పలత చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. జాకెట్ ఊసే ఎత్తలేదు.

డ్రాగన్ తూము మీద పడుకుని ఉంది, కింద ఊళ్ళు ఎండిపోతున్నాయి. దొంగ చాటుగా వెళ్ళి తూము తలుపును కింద నుంచి గడ్డపారతో కొడతానంది. నేను పాచిక వేయమనే లోపల గుమ్మంలోంచి గొంతు వినిపించింది.

"గట్ల గాదు! కిందికెల్లి కొడితె ఇరుగుతదా తలుపు? బుద్ధి ఉన్నదా ఎవ్వనికన్న?"

హన్మాండ్లు! పెళ్ళాన్ని తీసుకుపోదామని బండి మీద వచ్చి, ఎప్పటి నుంచి నిలబడ్డాడో ఏమో. ముగ్గురు ఆడవాళ్ళు గుండీలతో ఆడుకుంటున్నారని నవ్వడానికే నిలబడి ఉంటాడు. కానీ నీళ్ళ పని తప్పుగా చేస్తుంటే చూసి ఊరుకోవడం ఆయన వల్ల కాదు.

"గంత తెలిసినోడివి వచ్చి కూసోరాదు," అంది పుష్పలత.

"నాకేం పని లేదనుకున్నవా?" అంటూనే లోపలికి వచ్చాడు. నా మొహం చూడలేదు. నేనూ చూడలేదు. బల్ల మీది బొమ్మను చూసి, "ఏం వేషమిస్తరు?" అన్నాడు.

వేషాలు బోలెడున్నాయి. వీరుడు, మాంత్రికుడు, విలుకాడు, అన్నీ పుస్తకంలో బొమ్మలతో సహా ఉన్నాయి. కానీ నా నోటికి వచ్చింది అదొకటీ కాదు. "డ్రాగన్ ఖాళీగా ఉంది," అన్నాను.

డ్రాగన్‌ను సూత్రధారే నడపాలని పుస్తకంలో నల్లటి అక్షరాలతో ఉంది. ఆ పుస్తకం రాసినవాడు బోధన్‌లో ఉండడు గదా.

హన్మాండ్లు కూర్చున్నాడు. అబ్బ, ఏం ఆడాడు! బొమ్మను తూము మీద పెట్టి, మీసం దువ్వి, "ఎవల్రా నా నీళ్ళ కోసం వచ్చింది?" అని అరిచాడు. అల్మాస్ నిజంగానే జడుసుకుంది. దొంగ రెండు మేకలిస్తానంది. "నాకు మేకలు తక్కువున్నయా?" అన్నాడు. బంగారమిస్తానంది. "ఏం జేసుకుంట? తింటనా?" అన్నాడు. పుష్పలత నవ్వాపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత మంత్రసాని అడిగింది. మెల్లగా అడిగింది, ఇంట్లో అడిగినట్టు. "నీ కడుపు నిండింది గదా. మల్లెందుకు ఇడుస్తలేవ్?"

హన్మాండ్లు బొమ్మ రెక్కను వేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

"ఇడుస్త. ఇడిస్తె మల్ల నా వంతు నాకొస్తదా?" అన్నాడు. "పోయినేడు ఇడ్సిన. అడగంగనే ఇడ్సిన. లింగం, ఆని మనుషులు నా తూముకు తాళమేసి, కట్టెలు వట్టుకొని కావలి కూసున్నరు. నా వంతొచ్చినా తియ్యలే. రెండెకరాలు ఎండింది. ఒక్కడన్న వచ్చి అడిగిండా, హన్మాండ్లూ ఎట్లున్నవ్ అని?"

లింగానిది కాలువ మధ్య పొలం. పోయినేడు కూడా నీళ్ళు నాదాకా రాలేదు, వాళ్ళే తాగేశారు. హన్మాండ్లు తూముకు తాళం పడిందని మాత్రం నాకు తెలియదు. ఇన్నాళ్ళూ ఈయన్ని ఆశపోతు అనుకున్నాను. ఈయనది భయం. ఆశపోతు మీద కోపం తెచ్చుకోవడం తేలిక, భయపడ్డవాడితో ఏం చేయాలో సూత్రధారికి పాలుపోలేదు. కథ నా చేతిలోంచి జారిపోయింది.

మంత్రసానికి పాలుపోయింది. "అయితె జామీను వెట్టుకో," అంది. "మా ఊరి నిప్పు నీకిస్తం. నిప్పు లేకుంటె మా ఇండ్లల్ల బువ్వ ఉడ్కది. నీ వంతు నీకు మర్లించిననాడే మా నిప్పు మాకియ్యి."

ఒప్పుకుంటాడా లేదా అన్నది పాచిక చెప్పాలి. పదిహేను పైన పడాలన్నాను. అల్మాస్ ఉత్సాహంగా లాక్కుని విసిరింది. నాలుగు. బల్ల వంకర ఉందట! ఆడలేక మద్దెల ఓడు.

"అయిపోయింది, డ్రాగన్ ఒప్పుకోలేదు," అన్నాను. హన్మాండ్లు లేచి, "సూస్త," అని మాత్రం అనేసి పెళ్ళాన్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

బల్ల సర్దుతుంటే ఎర్ర పాచిక లేదు. గుడ్డముక్కల కింద వెతికాం, మిషన్ కింద వెతికాం, చెత్తబుట్ట బోర్లించాం. లేదు.

ఫిబ్రవరి 17, శనివారం

దొంగ. నీళ్ళు చాలక పాచిక కూడానా! డ్రాగన్ వేషం ఇచ్చింది నేను, కుర్చీ ఇచ్చింది అల్మాస్, దోచుకుపోయింది ఆయన. నీళ్ళ సంగతి వంతుల గొడవ, అందులో ఎన్నైనా వాదాలుంటాయి. పాచికకు ఏం వాదం ఉంది? అది నాది.

ఫిబ్రవరి 18, ఆదివారం

నిద్ర పట్టలేదు. పాచిక గురించే. పైరు పొట్ట మీద ఉంది.

ఫిబ్రవరి 19, సోమవారం

నీళ్ళు!

తెల్లారి చేలోకి వెళ్ళేసరికి నా కాలువలో గలగల. ముందు చెవులను నమ్మలేదు. చెప్పులు చేత పట్టుకుని గట్టు వెంట పైదాకా నడిచాను. బస్తాలన్నీ తీసి గట్టు మీద పేర్చి ఉన్నాయి. తూము తలుపు దించి ఉంది. హన్మాండ్లు దాని పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"మీ ఊరి నిప్పు నా తాన భద్రంగున్నది," అన్నాడు చొక్కా జేబు తట్టి. "మూడు దినాలు."

అప్పుడు అర్థమైంది నాకు, ఆ జేబులోది నా ఎర్ర పాచికే! పాచిక నాలుగు చెప్పింది, డ్రాగన్ తన ఇష్టం వచ్చినట్టు ఒప్పుకుంది. ఇది నియమాలకు విరుద్ధం. అయినా ఆయన ముందు నవ్వకుండా వెనక్కి తిరిగి, దూరం వచ్చాక గట్టు మీద కూర్చుని గట్టిగా నవ్వాను. కొంచెం ఏడ్చాను కూడా. చూసింది కొంగలే.

ఫిబ్రవరి 21, బుధవారం

రెండెకరాలు తడిసింది. చివరి ఎకరం మొదట్లోకి మాత్రమే నీళ్ళు చేరాయి. రేపు పొద్దున వంతు తిరిగి ఇచ్చేయాలి.

సాయంత్రం లింగం వచ్చాడు. "విజయక్కా, పైకి ఇయ్యకు. ఇంక రెండు దినాలు ఆపుదాం. మేమందరం కట్టెలు వట్టుకొని కావలి కూసుంటం. ఆడేం జేస్తడు?" అన్నాడు.

రెండు రోజులుంటే నా చివరి ఎకరం బతికిపోతుంది. నిజంగా బతికిపోతుంది. ఆలోచిస్తానన్నాను. ఆలోచించాను.

పాచిక లేకపోతే ఆట లేదు. అంతే. ఇందులో ఇంక ఆలోచించేదేముంది?

ఫిబ్రవరి 22, గురువారం

నా నీళ్ళకు నేనే అడ్డం కట్టాను.

అల్మాస్ షాపు తెరవకుండా నాతో వచ్చింది. ఇద్దరం గట్టు మీది ఇసుక బస్తాలు ఒక్కొక్కటే ఈడ్చి కాలువలో వేశాం. తడిసిన బస్తా ఎంత బరువో మగాళ్ళు ఎప్పుడూ చెప్పరు. లింగం, అతని మనుషులు అటు గట్టు మీద నిలబడి పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "కిందోళ్ళల్ల పుట్టి పైకి కడ్తున్నవేందక్కా!" అని అరిచాడు. నా దగ్గర జవాబు ఉంది, ఇవ్వడానికి ఊపిరి లేదు. "మాట ఇచ్చినం భాయ్, మాట!" అని అల్మాస్ అరిచింది.

హన్మాండ్లు ఎప్పుడొచ్చాడో చూసుకోలేదు. కాలువ పూర్తిగా మూసుకున్నాక వెళ్ళి ఆయన తూము తలుపు నేనే ఎత్తాను. నీళ్ళు ఆయన మడిలోకి తిరిగాయి. ఆయన వాటినే చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ తూము కింద సేద్యం చేసే మనిషి, నీళ్ళు రావడం మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

జేబులోంచి చేతిరుమాలు తీసి, ముడి విప్పి, ఎర్ర పాచిక నా అరచేతిలో పెట్టాడు. "మర్లిచ్చినవ్," అన్నాడు. కాలువలోకి దిగి, మేం అంత కష్టపడి వేసిన బస్తాల్లో పైవరసది ఒకటి ఎత్తి గట్టు మీద పడేశాడు. ఆ సందులోంచి నీళ్ళు కిందికి దూకాయి.

"నీ ఆఖరు మడి తడ్వలే గదా. గది గట్లనే ఉండనియ్యి చెల్లె," అన్నాడు. తర్వాత లింగం వైపు తిరిగి, "నడుమల ఎవలన్న కట్టిండ్రో, నిప్పు కక్కుత!" అని రంకె వేశాడు.

ఎవరూ కట్టలేదు. సాయంత్రానికి నీళ్ళు నా చివరి మడి చేరాయి. నెర్రెలు నోళ్ళు మూసుకుంటుంటే ఆ బురదలో చీకటి పడేదాకా నిలబడ్డాను. నాకు ఇంత సంతోషం ఎప్పుడైనా కలిగిందా అంటే, గుర్తు లేదు.

ఫిబ్రవరి 27, మంగళవారం

కిందివాళ్ళ వంతుకు ఇవాళ ఆఖరి రోజు. మొన్న హన్మాండ్లే బస్తాలు తీశాడు. ఆ పొద్దున్నే వెళ్ళి పాచిక ఇచ్చొచ్చాను. రేపు కాలువ కట్టి తెచ్చుకోవాలి.

మార్చి 1, శుక్రవారం

బల్ల నిండింది! దొంగ, మంత్రసాని, డ్రాగన్, సూత్రధారి. పుస్తకంలో అడిగినంత మందీ ఉన్నారు. ఆట మధ్యలో లింగం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. చాలాసేపు చూసి, "మీ ఆటల తూముకు తాళమేసేటోని వేషం ఉంటదా?" అన్నాడు.

అందరం హన్మాండ్లు వైపు చూశాం. ఆయన బొమ్మను తిప్పి తిప్పి చూశాడు.

"ఉంటది," అన్నాడు. "ముందుగాల తాళం తీసుడు నేర్సుకోవాలె."

అల్మాస్ లేచి ఇస్త్రీ బల్ల కింది స్టూలు లాగింది.

మార్చి 10, ఆదివారం

గింజ పాలు పోసుకుంది. వేలితో నొక్కితే తెల్లగా చిమ్మింది. చివరి మడిలో కూడా.

ఎల్లుండి నుంచి రంజాన్, అల్మాస్‌కు కుట్టుపనితో ఊపిరాడదు. ఆట మళ్ళీ పండగ తర్వాతే. ఆలోపు ఒక పని ఉంది. ఎర్ర పాచిక మూడు రోజులు నా దగ్గర, మూడు రోజులు హన్మాండ్లు జేబులో తిరుగుతోంది. శుక్రవారం ఎవరి దగ్గరుందో తెలియక మొన్న ఆట ఆలస్యమైంది. లింగం తన దగ్గర కూడా ఒక రోజు ఉండాలంటున్నాడు. ఇట్లా కుదరదు. ఇంకో పాచిక ఆర్డర్ పెట్టాను. కాలువకు ఒకటి, బల్లకు ఒకటి.

ఇదే ఆఖరిది.